నోట్లో వెలుగు వేస్తే చాలదు, వైద్యం దాకా దారి వేయాలి

సంతలో ఎద్దును కొనేటప్పుడు మనం ముందుగా చేసే పని దాని నోరు తెరిచి చూడడం. పళ్లు లెక్కపెడతాం, నాలుక చూస్తాం. గాలికుంటు వచ్చిందని అనుమానం కలిగితే చిగుళ్ల మీద పొక్కులు ఎక్కడ లేచాయో వెతికి మరీ చూస్తాం. మరి మనిషి నోరు? యాభై ఏళ్లు దాటిన రైతునో, కూలీనో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, టార్చి వేసి, బుగ్గల లోపలా నాలుక కిందా చూసిన డాక్టర్లు, నర్సులు ఎంతమంది? మీ ఊళ్లో రచ్చబండ దగ్గర పది మందిని అడిగి చూడండి. బీపీ చూశారు, షుగరు చూశారు అంటారు. నోరు చూశారని చెప్పేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటే గొప్ప.

గిట్టుబాటు ధర, సాగునీరు, పంటల బీమా, కౌలు కార్డులు రాసుకోవాల్సిన పత్రికలో నోటి క్యాన్సర్ గురించి ఎందుకు అని కొందరు మిత్రులు అడగవచ్చు. జవాబు మన గ్రామ కమిటీల దగ్గరే ఉంది. రైతు కుటుంబం అప్పుల పాలు కావడానికి పంట నష్టం ఒక కారణమైతే, ఆసుపత్రి ఖర్చు ఇంకో కారణం. క్యాన్సర్ వచ్చిన ఇంట్లో ముందు పాడి గేదె పోతుంది, తర్వాత ఆడవాళ్ల మెడలో బంగారం పోతుంది, చివరికి అర ఎకరమో ఎకరమో పోతుంది. అంత పోయినా మనిషి దక్కకపోతే మిగిలేది వడ్డీ. భూమి నిలబడాలని పోరాడే సంఘానికి ఇది పక్కవాళ్ల సమస్య కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలోనే 1 లక్షా 35 వేల మందికి పైగా కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ బారిన పడ్డారు. 75 వేల మంది చనిపోయారు. దేశంలో మగవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇదే ముందుంది. గుండె, మెదడు, కాలేయం లాంటి అవయవాలను చూడాలంటే పెద్ద పెద్ద స్కానింగులు కావాలి. నోరు అలా కాదు. తెరిస్తే కనపడుతుంది. అలా కనపడే చోట పుట్టే జబ్బును కూడా మన దేశంలో సగానికి పైగా రోగులు ముదిరాకే తెలుసుకుంటున్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

ఎందుకు ముదిరాక తెలుస్తోంది? మొదట్లో నొప్పి ఉండదు. బుగ్గ లోపల తెల్లటి మచ్చ లేస్తుంది, తుడిచినా పోదు. కొందరికి ఎర్రటి మచ్చ వస్తుంది, అది తెల్ల మచ్చకంటే ప్రమాదం. చిన్న పుండు మూడు వారాలైనా మానదు. కారం తగిలితే మండుతుంది. వక్క, గుట్కా నమిలేవాళ్లకు బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. మూడు వేళ్లు నిలువుగా పెడితే పట్టని నోటిని అనుమానించాలి. ఈ మచ్చలన్నీ క్యాన్సర్ కావు. వాటిలో కొన్ని ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారతాయి. ఆ ఏళ్లే మన చేతిలో ఉన్న గడువు. నొప్పి లేదు కదా అని కూలికి పోయేవాడు కూలికి పోతాడు, నాటుకు పోయే అమ్మ నాటుకు పోతుంది. మెడ మీద గడ్డ లేచి, అన్నం మింగుడు పడనప్పుడు పట్నం బస్సెక్కుతారు. అప్పటికి ఆ గడువు అయిపోయి ఉంటుంది.

ఈ జబ్బుతో మన తెలుగు నేలకు పాత సంబంధం ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో అడ్డపొగ అలవాటు సంగతి మనకు తెలిసిందే. చుట్ట కాలే కొనను నోట్లో పెట్టుకుని పీల్చడం. ఎక్కువగా ఆడవాళ్లు, పొలం పనుల్లో, చేపల పనుల్లో ఉన్న పేదవాళ్లు. ఆ నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. వేరే చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ అందుకే ఎక్కువగా కనపడింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ దంత పరిశోధకులు, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి అప్పటి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రకటించారు. ప్రపంచంలో నోటి జబ్బుల గురించి చదివే వైద్య విద్యార్థులకు మన తల్లుల అంగిళ్లు ఆ రకంగా పాఠాలయ్యాయి.

ఆ పరిశోధకులు చూసి ఊరుకోలేదు. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మంది దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లి, నోళ్లు చూసి, అలవాటు మానమని నచ్చజెప్పారు. అలా చేసిన చోట అలవాటు మానిన వాళ్లు పెరిగారని, కొత్తగా మచ్చలు రావడం తగ్గిందని 1986లో లెక్కలతో చూపించారు. అంటే ఊరికి వచ్చి, నోరు చూసి, మాట చెబితే ఫలితం ఉంటుందని మన జిల్లా జనమే దాదాపు నలభై ఏళ్ల కిందట రుజువు చేశారు. పరిశోధన అయింది, పుస్తకాలు వచ్చాయి. ఊరూరా శాశ్వతంగా నోటి పరీక్ష మాత్రం రాలేదు. ఈ అనుభవాన్ని గుర్తు పెట్టుకుని ఇప్పుడు వస్తున్న కొత్త పరికరాల గురించి మాట్లాడుకుందాం.

ఈ మధ్య పత్రికల్లో, టీవీల్లో వెలుగుతో క్యాన్సర్‌ను పసిగట్టే పరికరాల గురించి వస్తోంది. ఇవి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పొదిగిన కోడిగుడ్డును చీకట్లో దీపానికి అడ్డం పెట్టి లోపల పిల్ల ఉందో లేదో చూస్తాం. గుడ్డు పగలగొట్టం. వెలుగు గుడ్డులోంచి వచ్చే తీరును బట్టి లోపలి సంగతి తెలుస్తుంది. ఈ పరికరాలు కూడా అంతే. కోత లేదు, సూది లేదు. వెలుగు వేసి, తిరిగి వచ్చిన వెలుగు ఎలా మారిందో చూస్తాయి.

వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నది నీలి వెలుగు పద్ధతి. గదిలో దీపాలు ఆర్పి నోట్లో నీలి వెలుగు వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న లోపలి పొర ఆ వెలుగును పీల్చుకుని లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. మన చర్మం కింద, నోటి పొర కింద అల్లికలాగా ఉండే కొలాజెన్ అనే పదార్థం, కణాల్లోని మరికొన్ని పదార్థాలు ఈ మెరుపునిస్తాయి. క్యాన్సర్ వైపు మళ్లుతున్న చోట ఆ అల్లిక చెడిపోతుంది, పై పొర మందమవుతుంది, రక్తనాళాలు పెరుగుతాయి. అందుకని ఆ మేర మెరుపు తగ్గి నల్లగా కనపడుతుంది. పచ్చటి చేలో చీడ తగిలిన చాలు ఎలా తేడాగా కనపడుతుందో అలాగన్నమాట. మామూలు వెలుగులో మచ్చ అంచు ఎక్కడిదాకా ఉందో తెలియని చోట ఈ వెలుగులో అంచు తెలుస్తుంది. ఆపరేషన్ చేసే డాక్టరుకు ఎంత మేర తీయాలో నిర్ణయించుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

రెండో రకం పరికరాలు రక్తాన్ని చూస్తాయి. రక్తంలోని ఎర్రటి పదార్థం కొన్ని రంగుల వెలుగును ఎక్కువగా మింగేస్తుంది. ఆ రంగుల వెలుగునే వేసి చూస్తే, గడ్డ పెరగడానికి కొత్తగా అల్లుకున్న సన్నటి రక్తనాళాలు బయటపడతాయి. ఇంకో రకం, వెలుగు లోపలికి వెళ్లి పొర పొర నుంచి తిరిగి వచ్చే తీరును బట్టి పొరల బొమ్మ గీస్తుంది. కడుపులో బిడ్డను శబ్దంతో చూసే స్కానింగు ఉంది కదా, అదే పనిని ఇది వెలుగుతో చేస్తుంది.

ఇవన్నీ విదేశాల సరుకే అనుకోనక్కర్లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరుణాళ్ వైద్య విజ్ఞాన సంస్థ ప్రోత్సాహంతో మొదలైన సాస్కాన్ అనే చిన్న సంస్థ ఓరల్‌స్కాన్ అనే చేతిలో పట్టుకునే పరికరాన్ని తయారు చేసి 2020లో విడుదల చేసింది. అది నోటి లోపలి బొమ్మలు తీసి, ముక్క పరీక్షకు ఏ చోట నుంచి ముక్క తీయాలో చూపించడానికి సాయపడుతుంది. బెంగళూరులోని మజుందార్ షా క్యాన్సర్ కేంద్రం, కేఎల్ఈ దంత కళాశాల వైద్యులు అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం ఇంజనీర్లతో కలిసి మామూలు స్మార్ట్‌ఫోన్‌కే నీలి వెలుగు, తెల్ల వెలుగు దీపాలు బిగించి నోటి బొమ్మలు తీసే ఏర్పాటు చేశారు. ఆరోగ్య కార్యకర్త బొమ్మ తీస్తే అది దూరంలో ఉన్న నిపుణుడికి చేరుతుంది. బొమ్మను బట్టి అనుమానం ఉందో లేదో కంప్యూటరు కూడా చెప్పేలా నేర్పుతున్నారు. స్పెషలిస్టు అడుగు పెట్టని మండలాలకు ఇది నిజంగా అక్కరకొచ్చే ఆలోచన. దీన్ని మేము స్వాగతిస్తున్నాం.

స్వాగతిస్తూనే రెండు విషయాలు గట్టిగా చెప్పాల్సి ఉంది.

మొదటిది, వెలుగు అనుమానాన్ని చూపిస్తుంది, రోగాన్ని ఖాయం చేయదు. నల్లగా కనపడిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. పన్ను గీసుకుని అయిన పుండు, చిగురు వాపు, పొగ వల్ల పేరుకున్న నలుపు కూడా ఆ వెలుగులో నల్లగానే కనపడవచ్చు. అందుకే మామూలు పుండు అనిపిస్తే గీసుకునే పన్నును నున్న చేసి, రెండు వారాలాగి మళ్లీ చూస్తారు. అప్పటికీ మానకపోతే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. రోగం అవునో కాదో తేల్చేది ఆ ముక్క పరీక్షే. ప్రపంచంలోని పరిశోధనలన్నిటినీ తూచి చెప్పే కోక్రేన్ సమీక్ష కూడా, ఈ పరికరాలేవీ ముక్క పరీక్ష స్థానాన్ని తీసుకోలేవని తేల్చింది. క్యాంపులో ఒక వెలుగు వేసి నీకేం లేదు పొమ్మన్నా, నీకు క్యాన్సర్ ఉందని భయపెట్టినా రెండూ తప్పే.

రెండోది, పరికరం లేదన్న సాకుతో పరీక్ష ఆపకూడదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి ఒక పెద్ద ప్రయత్నం చేశారు. 13 పంచాయతీల ప్రాంతాలు ఎంచుకుని, 35 ఏళ్లు దాటిన దాదాపు 1 లక్షా 90 వేల మందిని తీసుకున్నారు. ఏడు చోట్ల ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించారు, ఆరు చోట్ల మామూలు వైద్యమే ఉంచారు. పరీక్షించింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. మూడేళ్లకొకసారి చొప్పున మూడు విడతలు చూశారు. వాళ్ల చేతిలో ఉన్నది టార్చిలైటు. పొగాకు గానీ మద్యం గానీ అలవాటు ఉన్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు పరీక్ష చేసిన చోట 34 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. టార్చిలైటు, శిక్షణ పొందిన కళ్లు, మళ్లీ వచ్చి చూసే మనిషి: ఈ మూడూ ఉంటే ప్రాణాలు నిలుస్తాయి. కొత్త పరికరం వస్తే ఆ కళ్లకు ఇంకాస్త చూపు వస్తుంది. కళ్లే లేని చోట పరికరం బీరువాలో తాళం వేసుకుని కూర్చుంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రిపేరుకు దిక్కులేక దుమ్ము పట్టిన యంత్రాలను మనం ఎన్నిసార్లు చూడలేదు?

ఇక కాగితం మీద మనకు హక్కుగా ఉన్నదేమిటో తెలుసుకోవాలి. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఐదేళ్లకొకసారి నోరు పరీక్షించాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నింపే ఫారంలో పొగాకు అలవాటు ఉందా, నోరు తెరవడం కష్టంగా ఉందా, రెండు వారాలైనా మానని పుండు ఉందా అనే ప్రశ్నలున్నాయి. ఫారం నింపడం జరుగుతోంది. నోరు తెరిపించి చూడడం చాలాచోట్ల జరగడం లేదు. ఇందులో ఆశా చెల్లెమ్మలను తప్పుపట్టడానికి లేదు. బాలింతలు, టీకాలు, జ్వరాల సర్వేలు, ఫోన్లో ఎక్కించే లెక్కలు అన్నీ వాళ్ల నెత్తిన పెట్టి, చాలీచాలని పారితోషికం ఇచ్చి, శిక్షణ ఒక పూటతో సరిపెడితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? చేతికి తొడుక్కునే గ్లౌజులు, నాలుక పక్కకు జరిపే పుల్ల, మంచి టార్చి కూడా ఇవ్వకుండా పరీక్ష చేయమంటే ఎలా?

దారి తెగిపోయే అసలు చోటు ఇంకొకటుంది. అనుమానం వచ్చిన తర్వాత. ఊళ్లో పరీక్షించి, పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాస్తారు. ఆ చీటీ పట్టుకుని రైతు కూలీ పట్నం వెళితే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చిన కొడుకు కూలి కూడా పోతుంది. ఈ రోజు డాక్టరు లేరు, ఎల్లుండి రండి అంటారు. ఎల్లుండి వెళితే ముక్క తీస్తారు. రిపోర్టు కోసం మళ్లీ రమ్మంటారు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల్లో క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఉన్నాయి. కానీ రోగం పేరు కాగితం మీదికి ఎక్కాకే ఆ కార్డు మనకు అక్కరకొస్తుంది. అనుమానం నుంచి ఆ కాగితం దాకా ఉన్న నాలుగైదు తిరుగుళ్లు మన జేబులోంచే. వరి కోతలో, పత్తి తీతలో ఉన్నవాళ్లు రెండో తిరుగుడుకే ఆగిపోతారు. పంట చేతికొచ్చాక చూద్దాంలే అంటారు. ఆ నాలుగు నెలలు పుండు ఆగదు.

ఈ తిరుగుళ్లు తగ్గించడం అసాధ్యమేమీ కాదు. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి పంపితే చెడిపోదు. ఏరియా ఆసుపత్రిలో ఉన్న దంత వైద్యుడే ముక్క తీయవచ్చు. ఇప్పుడు చాలా జిల్లాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, వాటిలో ముక్కలు పరీక్షించే విభాగాలున్నాయి. మనిషి తిరగనక్కర్లేదు, ముక్క తిరిగితే చాలు. రిపోర్టు ఫోనుకు రావచ్చు. కావాల్సింది రోజూ సీసాలు మోసుకెళ్లే ఒక వాహనం, దానికి బాధ్యత వహించే ఒక అధికారి.

పొగాకు రైతు సోదరుల సంగతి కూడా ఇక్కడే మాట్లాడాలి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో, పశ్చిమ గోదావరి మెట్టలో వేల కుటుంబాలు పొగాకు మీద బతుకుతున్నాయి. క్యాన్సర్ మాట ఎత్తితే మా పంట మీదకు వస్తారని వాళ్లకు భయం. ఈ పంటను పెట్టించింది కంపెనీలు, ప్రోత్సహించింది ప్రభుత్వాలు. 1975 చట్టంతో గుంటూరులో బోర్డు పెట్టి, ఎవరు ఎన్ని కిలోలు పండించాలో లెక్క కట్టేది ప్రభుత్వమే. పొగాకు మీద ఏటా వేల కోట్ల పన్ను వసూలు చేసేదీ ప్రభుత్వమే. రైతుకు వేలం కేంద్రంలో బేలుకు ధర రాదు, తిన్నవాడికి ఆరోగ్యం ఉండదు, మధ్యలో కంపెనీకి లాభం, ఖజానాకు పన్ను. కాబట్టి జబ్బు భారం మోయాల్సింది ఆ ఇద్దరే. ప్రత్యామ్నాయ పంటకు మద్దతు ధర, కొనుగోలు హామీ, బ్యారన్ల మీద పెట్టిన పెట్టుబడికి పరిహారం ఇవ్వకుండా పంట మానెయ్యమనే అధికారం ఎవరికీ లేదు. అదే సమయంలో ఆ పొగాకును వక్కతో, సున్నంతో కలిపి పొట్లం కట్టి పసిపిల్లల చేతికి అమ్మే వ్యాపారాన్ని మనం వెనకేసుకు రావాల్సిన పనీ లేదు. ఉత్త వక్క నమలడం కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది.

కూలీలు ఖైనీ, గుట్కా ఎందుకు నములుతున్నారో కూడా చూడాలి. పొద్దున్నే నాలుగింటికి లేచి, ఆటోలో కుక్కుకుని ఇరవై కిలోమీటర్లు పోయి, మధ్యాహ్నం దాకా వంగి పని చేయాలి. ఆకలి చచ్చిపోవడానికి, నడుం నొప్పి మరిచిపోవడానికి దవడన ఒక చిటికెడు పెట్టుకుంటారు. మానెయ్యండి అని గోడ మీద రాస్తే మానరు. పని గంటలు, కూలి రేట్లు, పని దగ్గర నీళ్లు, నీడ, మధ్యలో విశ్రాంతి కూడా ఈ జబ్బు నివారణలో భాగమే. అలవాటు మానాలనుకున్న వాళ్లకు ఊళ్లోనే సలహా, మందు అందాలి.

ఈ మొత్తం మీద మన సంఘం ప్రభుత్వాల ముందు పెట్టాల్సిన డిమాండ్లు ఇవి:

1. ప్రతి గ్రామ ఆరోగ్య క్లినిక్, పల్లె దవాఖానాలో నెలకు ఒక రోజు నోటి పరీక్ష దినం ఉండాలి. తేదీని పంచాయతీ నోటీసు బోర్డు మీద రాయాలి, దండోరా వేయించాలి. పొలం పనులు లేని పూట పెట్టాలి.

2. ఆశాలకు, ఏఎన్‌ఎంలకు నోటి పరీక్షలో సరైన శిక్షణ, సామగ్రి, ఆ పనికి ప్రత్యేక పారితోషికం ఇవ్వాలి.

3. అనుమానం ఉన్నవాళ్లను మళ్లీ చూడడానికి ప్రతి ఏరియా ఆసుపత్రిలో, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వెలుగుతో చూసే పరికరం ఒకటి ఉండాలి. కొనేటప్పుడే దానికి నిర్వహణ ఒప్పందం, వాడే మనిషి పోస్టు కూడా ఉండాలి. దంత వైద్యుల ఖాళీలన్నీ నింపాలి.

4. అనుమానం వచ్చిన రోజు నుంచి రెండు వారాల్లో ముక్క పరీక్ష రిపోర్టు రోగి చేతికి రావాలి. ముక్క తీయడానికి, పంపడానికి ఒక్క రూపాయి తీసుకోకూడదు.

5. రోగికి, తోడు వచ్చిన ఒకరికి బస్సు ఛార్జీలు, పోయిన రోజు కూలి ఇవ్వాలి. ఇది క్యాన్సర్ ఖాయమయ్యాక కాకుండా, అనుమానం వచ్చిన రోజు నుంచే వర్తించాలి.

6. పొగాకు పన్నులో నిర్ణీత వాటాను ఈ పరీక్షలకు, వైద్యానికి, పొగాకు రైతుల ప్రత్యామ్నాయ సాగుకు కేటాయించాలి. పొగాకు వేలం కేంద్రాల్లో వేలం రోజుల్లో రైతులకు, హమాలీలకు, గ్రేడింగ్ చేసే ఆడకూలీలకు నోటి పరీక్షలు జరపాలి.

7. ఎంతమంది నోళ్లు చూశారు, ఎంతమందిని అనుమానించారు, ఎంతమందికి ముక్క పరీక్ష అయింది, ఎంతమందికి వైద్యం మొదలైంది అనే నాలుగు లెక్కలు, పేర్లు లేకుండా, మండలాల వారీగా ప్రతి మూడు నెలలకూ ప్రకటించాలి. మొదటి లెక్క పెద్దగా, చివరి లెక్క ఖాళీగా ఉంటే లోపం ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది.

డిమాండ్లు ఒప్పుకునే దాకా చేతులు ముడుచుకుని ఉండనక్కర్లేదు. గ్రామ కమిటీలు ఈ నెలలోనే చేయగలిగిన పనులున్నాయి. పొద్దున్నే పళ్లు తోముకున్నాక ఎండ తగిలే చోట అద్దం పట్టుకుని నోరు చూసుకోవడం అందరికీ నేర్పాలి. రెండు బుగ్గల లోపల, పెదవుల లోపల, నాలుక పైనా పక్కలా కిందా, అంగిలి. కట్టుడు పళ్లుంటే తీసి చూడాలి. వేలితో తడిమి గట్టి పడిన చోటు ఉందేమో చూడాలి. మూడు వేళ్లు నోట్లో పడుతున్నాయో లేదో చూడాలి. తేడా ఉంటే ఆకు పసర్లు, ఆర్ఎంపీ ఇచ్చే పుండు మందులతో నెలలు గడపకుండా రెండు వారాలు దాటగానే దంత వైద్యుడికి చూపించాలి. ఆర్ఎంపీ మిత్రులు కూడా రెండు వారాలకు మించి నోటి పుండును తమ దగ్గర ఉంచుకోవద్దని కోరుతున్నాం. ఊళ్లో వాళ్లు ముందుగా వచ్చేది మీ దగ్గరికే. మీరు ఒక్క మాట చెబితే ఒక ప్రాణం నిలుస్తుంది.

ఆడవాళ్ల నోళ్లను ఎవరూ మరిచిపోవద్దు. మగవాళ్ల జబ్బు అని పేరు పడిందే గానీ చుట్ట తాగే ముసలమ్మలు, ఆకువక్కలో పొగాకు వేసుకునే అత్తలు, కూలికి పోతూ ఖైనీ పెట్టుకునే అక్కలు ప్రతి ఊళ్లో ఉన్నారు. పరీక్షకు మగవాళ్లు ముందు వస్తారు, ఆడవాళ్లు గడప దాటరు. డ్వాక్రా సంఘాల సమావేశం రోజునే ఏఎన్‌ఎంను పిలిపించి నోటి పరీక్ష పెట్టిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఎవరికైనా అనుమానం అని చీటీ రాస్తే, ఆ మనిషిని ఒంటరిగా పంపవద్దు. సంఘం నుంచి ఒకరు తోడు వెళ్లాలి. రిపోర్టు వచ్చే దాకా, వైద్యం మొదలయ్యే దాకా ఆ ఒక్కరే బాధ్యత తీసుకోవాలి. ఆ మనిషి పొలం పని ఆగిపోకుండా మిగతావాళ్లు ఒక పూట బదులు చేయాలి. మనకు బదులు పనులు కొత్త కాదు. నాట్లకు, కోతలకు చేసుకున్నట్టే దీనికీ చేసుకోవాలి.

తిరువనంతపురం పంచాయతీల్లో టార్చిలైటుతో అయిన పని మన పంచాయతీల్లో కాకపోవడానికి కారణం విజ్ఞానం లేకపోవడం కాదు. శ్రీకాకుళం తల్లుల నోళ్ల నుంచి పుట్టిన విజ్ఞానం అరవై ఏళ్లుగా ఉంది. ఇప్పుడు వెలుగుతో చూసే పరికరాలు కూడా వచ్చాయి. అవి పట్నం కార్పొరేట్ ఆసుపత్రుల అద్దాల గదుల్లో ఆగిపోతాయా, మన మండలానికి వస్తాయా అన్నది మనం అడిగే తీరు మీద ఆధారపడి ఉంది. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజున ప్రతి మండల కమిటీ పై ఏడు డిమాండ్లతో అర్జీ ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. ఎరువుల కోసం, కరెంటు కోసం ఎలా పట్టుబట్టామో దీనికీ అలాగే పట్టుబడదాం. అర్జీ ఇచ్చిన కమిటీలు తమ ఊళ్లో నోటి పరీక్ష ఎప్పుడు జరిగింది, ఎంతమంది వచ్చారు, అనుమానం వచ్చినవాళ్లకు ముక్క పరీక్ష ఎన్ని రోజుల్లో అయింది అనే వివరాలు, రోగుల పేర్లు లేకుండా, పత్రికకు రాసి పంపండి. వచ్చే సంచికల్లో మండలాల వారీగా అచ్చు వేద్దాం.